చీముకీ చుట్టాలున్నారు!

సరిహద్దు అవతల ఏ ఊరి సర్కారు ఆస్పత్రిలోనైనా ఓపీ చీటీల వరుసలో కాసేపు నిలబడితే ఈ దృశ్యం కనిపిస్తుంది. ఓ అవ్వ మనవణ్ని చంకనేసుకుని వస్తుంది. 'పిల్లోడి చెవిలో చీము కారతా ఉంది సారూ' అంటుంది. చీటీ రాసే మనిషికి తెలుగు వస్తే సరే. రాకపోతే అవ్వ పిల్లాడి తల పక్కకు తిప్పి చెవి చూపిస్తుంది. కొంగుకు అంటిన మరక చూపిస్తుంది. అప్పుడు అవతలి మనిషికి అర్థమై, తన భాషలో ఆ మాట పలుకుతాడు. బళ్లారిలో అయితే 'కీవు' అంటాడు. తమిళనాడులోని హోసూరులో 'సీళ్' అంటాడు. షోలాపూర్‌లో 'పూ' అంటాడు. ఒడిశాలోని బరంపురంలో 'పూజ' అంటాడు. అంతా అయ్యాక చీటీ మీద మాత్రం ఇంగ్లిషులో 'పస్' అని రాస్తాడు.

చీము, కీవు, సీళ్, పూ, పూజ, పస్. రోగం ఒక్కటే, మాటలు ఆరు. వీటిలో ఎవరు ఎవరికి చుట్టం? పైకి చూస్తే చెప్పలేం. షోలాపూర్ 'పూ'కు పొరుగునున్న కన్నడ 'కీవు' దగ్గరిదా, ఏడు సముద్రాల అవతలి ఇంగ్లిషు 'పస్' దగ్గరిదా? జవాబు ఇంగ్లిషే! ఎలాగో చూద్దాం.

మొదట మన ఇంటి చుట్టాలు

చీముకు సొంత అక్కచెల్లెళ్లు కన్నడ కీవు, తమిళ సీళ్. ఈ సీళ్ చివర పలికేది 'తమిళ్' అన్న మాట చివర పలికే ధ్వనే. మూడూ ద్రావిడ కుటుంబంలో పుట్టిన మాటలే. టి.బరో, ఎం.బి.ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఈ మాటలన్నీ ఒకే గూటి కింద ఉంటాయి. ఆ నిఘంటువు రెండో కూర్పు 1984లో వచ్చింది.

'చీ' ఎక్కడ, 'కీ' ఎక్కడ అంటారా? కర్ణాటకలో కాపురముంటున్న తెలుగువారికి ఇది కొత్త సంగతేం కాదు. రోజూ నోట్లో నలిగేదే. మన చెవి వాళ్లకు కివి. మన చెరువు వాళ్లకు కెరె. మన చెడు వాళ్లకు కెడు. మన చిరు వాళ్లకు కిరు. ఇ, ఎ అనే అచ్చుల ముందు పాత 'క' మన నోట 'చ' అయింది. తమిళంలోనూ చాలా మాటల్లో ఇదే జరిగింది. కన్నడం మాత్రం పాత క కారాన్ని అలాగే పట్టుకుని ఉంది. అంటే కీవు అన్న మాట మొదటి ధ్వని, చీము అన్న మాటలోని దానికన్నా పాతదన్న మాట.

ఇప్పుడు అవ్వ మాటను మళ్లీ వినండి. 'చెవిలో చీము.' దాన్నే కన్నడంలో 'కివియల్లి కీవు' అంటారు. రెండు చ కారాల స్థానంలో రెండు క కారాలు. బళ్లారిలోనో కోలారులోనో ఉన్న అవ్వకు ఈ ఒక్క కిటుకు తెలిస్తే కొంగు చూపించాల్సిన అవసరమే ఉండదు.

తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని, అవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని మొదట రుజువులతో చెప్పింది మద్రాసులో కలెక్టరుగా చేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఈ సంగతి చెప్పాడు. అందుకు ఆయన ప్రధానంగా చూపించింది తెలుగునే. చీము లాంటి ఒంటి మాటలు, ఇంటి మాటలే ఇలాంటి వాదానికి గట్టి సాక్ష్యాలు. గొప్ప గొప్ప మాటలను ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకుంటాం. చెవికి, చేతికి, చీముకు, నెత్తురుకు మాట అరువు తెచ్చుకోవడం తక్కువ.

పస్ ఎవరి బిడ్డ?

ఇక రెండో గుంపు. ఇంగ్లిషు వైద్యులు 'పస్' అన్న మాటను లాటిన్ నుంచి తీసుకున్నారు. సుమారు 1400 ప్రాంతం నుంచి అది ఇంగ్లిషు రాతల్లో కనిపిస్తుంది. లాటిన్‌లోనూ దాని అర్థం చీమే. గ్రీకులో అదే మాట 'పూవాన్'. సంస్కృతంలో 'పూయం'. కుళ్లు కంపును 'పూతిగంధం' అంటాం కదా, ఆ పూతి కూడా ఈ కొమ్మదే. వీటన్నిటికీ మూలం 'పూ' అనే ధాతువు. కుళ్లడం, కంపు కొట్టడం దాని అర్థం.

సుశ్రుత సంహితలో కంటి రోగాల పట్టికలో 'పూయాలసం' అనే రోగం ఉంది. కంటి మూలలో వాచి చీము పట్టడం దాని లక్షణం. భాగవతం పంచమ స్కంధంలో చెప్పిన నరకాల్లో ఒకదాని పేరు 'పూయోదం'. అంటే చీమే నీళ్లుగా ఉన్న చోటు. పురాణం వినే పెద్దవాళ్ల చెవుల్లో ఈ మాట పడే ఉంటుంది. ఇంగ్లిషు డాక్టరు రాసే పస్‌కు అది అక్షరాలా జ్ఞాతి.

ఆ పూయమే మరాఠీలో అరిగిపోయి 'పూ' అయింది. షోలాపూర్, చంద్రపూర్, సిరొంచ వైపు ఉన్న తెలుగువారు 'కానాతూన్ పూ యేతో' అన్న మాట వినే ఉంటారు. 'చెవిలోంచి చీము వస్తోంది' అని. కర్ణం అరిగి కాన్ అయింది, పూయం అరిగి పూ అయింది.

ఒడియాలో ఇంకో దారి. అక్కడ 'య' తరచూ 'జ' అవుతుంది. యాత్ర జాత్ర అయింది. బరంపురంలో ఠాకురాణి జాత్ర చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. మన జాతర కూడా ఆ దారిలో వచ్చిందే. అలాగే పూయం 'పూజ' అయింది. 'కానరు పూజ బాహారుఛి' అని ఆస్పత్రిలో ఎవరైనా అంటే కొత్తగా వెళ్లిన తెలుగు కోడలు ఉలిక్కిపడవచ్చు. కంగారు పడొద్దు. దేవుడికి చేసే పూజకు ఒడియాలో చివర దీర్ఘం ఉంటుంది, అది 'పూజా'. దీర్ఘం లేనిది చీము.

యానాం సంగతి మరీ తమాషా. అక్కడ 1954 దాకా ఫ్రెంచి పాలన సాగింది. ఫ్రెంచివాళ్లు కూడా లాటిన్ అక్షరాలతోనే పస్ అని రాస్తారు. కానీ చివరి సకారం పలకరు. పెదవులు సున్నాలా చుట్టి 'ప్యు' అన్నట్టు అంటారు. లాటిన్ మాట ఫ్రెంచి నోట అరిగి, సంస్కృత మాట మరాఠీ నోట అరిగి, చివరికి రెండూ దాదాపు ఒకే చోట తేలాయి.

రిఫరీ విజిల్‌లోనూ ఉంది

ఇంగ్లిషులో పస్‌కు చుట్టాలు చాలామందే ఉన్నారు. చిగుళ్ల నుంచి చీము కారే రోగాన్ని 'పయోరియా' అంటారు. పళ్లపొడి ప్రకటనల పుణ్యమా అని ఈ మాట పల్లెటూళ్లలోనూ తెలుసు. అందులో 'పయో' అంటే గ్రీకు చీము, 'రియా' అంటే కారడం. డయేరియాలో ఉన్న రియా కూడా అదే. ఊపిరితిత్తి చుట్టూ చీము చేరితే 'ఎంపయీమా' అంటారు. అందులోనూ అదే గ్రీకు చీము. కుళ్లినదాన్ని 'పుట్రిడ్' అనడం లాటిన్ కొమ్మ. ఎండిన పూలరేకులు, మసాలా దినుసులు గిన్నెలో పోసి సువాసన కోసం ఇంట్లో పెట్టుకుంటారు చూడండి, ఆ 'పాట్‌పూరీ' కూడా ఈ కుటుంబంలోదే. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం 'కుళ్లిన కుండ'! సువాసనకు పెట్టుకున్న పేరు అది. మన పూరీకి, పూరీ జగన్నాథుడికి దానితో ఏ సంబంధమూ లేదు.

ఇవన్నీ లాటిన్, గ్రీకుల నుంచి అరువు తెచ్చుకున్నవి. మరి ఇంగ్లిషువాళ్ల సొంత ఇంట్లో పూయానికి తోబుట్టువు లేదా? ఉంది. అదే 'ఫౌల్'. కబడ్డీలో, ఫుట్‌బాల్‌లో రిఫరీ విజిల్ ఊది అరిచే ఫౌల్! అసలు అర్థం కుళ్లినది, కంపు కొట్టేది. తర్వాత మురికిది, చెడ్డది అయింది. చివరికి ఆటలో చేసే తప్పు అయింది. 'ఫిల్త్' దాని కూతురు. జర్మన్‌లో ఇదే మాట 'ఫవుల్'. అక్కడ కుళ్లినదాన్నీ అలాగే అంటారు, సోమరినీ అలాగే అంటారు.

పకారం ఫకారం ఎలా అయింది? ఇదొక్క మాటకు జరిగింది కాదు. సంస్కృతంలో పితృ అంటే ఇంగ్లిషులో ఫాదర్. పాదం అంటే ఫుట్. పంచ అంటే ఫైవ్. పాత పకారం ఇంగ్లిషు, జర్మన్ల వైపు వరసగా ఫకారం అయింది. 1822లో జాకబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు ఈ సూత్రాన్ని పద్ధతిగా రాశాడు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయనే ఈయన.

ఇలాంటి సూత్రం మనకు ఇంటి పక్కనే ఉంది. మన పాలు కన్నడంలో హాలు. మన పులి హులి. మన పువ్వు హూవు. మన పల్లె హళ్లి. సుమారు 10వ శతాబ్దం తర్వాత కన్నడంలో పకారం హకారం అవుతూ వచ్చింది. పుండును కన్నడంలో 'హుణ్ణు' అనేది అందుకే. తమిళంలో అది 'పుణ్'. గ్రిమ్ సూత్రం కాలేజీలో చదివినప్పుడు కష్టంగా ఉంటుంది గానీ, పావగడలోనో చింతామణిలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడికి పాలు, హాలు చూపిస్తే అయిదు నిమిషాల్లో ఎక్కుతుంది.

పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కాదు

ఇక్కడే ఓ జాగ్రత్త. పుండు, పస్ రెండూ 'పు'తోనే మొదలవుతాయి. పుండులోంచి పస్ వస్తుంది కూడా. అయినా చుట్టాలు కావు. పుండు ద్రావిడ మాట, పస్ లాటిన్ మాట. మామిడి పూతలోని 'పూయు'కు, చీము అనే 'పూయం'కు కూడా అంతే. రైల్లో ఎదుటి సీటు మనిషి మన బాబాయిలా ఉన్నంత మాత్రాన బాబాయి అయిపోడు కదా!

ఇంకో చిత్రం చూడండి. సంస్కృతంలో 'పూ' అని వినిపించే ధాతువులు రెండున్నాయి. ఒకటి కుళ్లడం. రెండోది శుద్ధి చేయడం. పవిత్రం, పావనం, మంత్రపూతం అనే మాటలన్నీ ఆ రెండోదాని పిల్లలు. అంటే మంత్రపూతంలోని పూతం శుభ్రమైనది, పూతిగంధంలోని పూతి కుళ్లినది. లాటిన్‌లోనూ ఇదే జంట కనిపిస్తుంది. 'ప్యూర్' అంటే స్వచ్ఛమైనది. 'ప్యూరులెంట్' అంటే చీముతో నిండినది. పైకి కవలల్లా ఉన్నా రెండూ వేర్వేరు వంశాలు. చిత్రమేమిటంటే ప్యూర్‌కు పావనం చుట్టం, ప్యూరులెంట్‌కు పూయం చుట్టం. వేల మైళ్ల దూరంలో రెండు వంశాలూ పక్కపక్కనే కాపురాలు పెట్టాయి.

ఇక మనం 'పుండు సెప్టిక్ అయింది' అంటాం. ఆ సెప్టిక్ గ్రీకు మాట. కుళ్లబెట్టేది అని అర్థం. సెప్టిక్ ట్యాంకు, యాంటీసెప్టిక్ దాని తోటివే. అర్థం దగ్గరే అయినా అది కూడా పస్ వంశం కాదు. సెప్టెంబరుకు దానితో అసలే సంబంధం లేదు. ఆ నెల పేరు లాటిన్‌లో ఏడు అనే అంకె నుంచి వచ్చింది.

చీమూ నెత్తురూ ఉంటే

ఇంగ్లిషులో పస్, ఫౌల్, ఫిల్త్ అన్నీ అసహ్యం వైపే నడిచాయి. తెలుగులో మాత్రం చీముకు ఓ మర్యాద దక్కింది. 'నీకు చీమూ నెత్తురూ లేవా?' అని అడుగుతాం. పౌరుషం లేదా, నువ్వు బతికున్న మనిషివేనా అని అర్థం. నెత్తురు సరే, దాని పక్కన చీమును ఎందుకు కూర్చోబెట్టారో!

ఆలోచిస్తే అందులో నిజముంది. నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన ఇల్యా మెచ్నికోవ్ 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లల్లోకి ముల్లు గుచ్చి సూక్ష్మదర్శినిలో చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగడం కనిపించింది. ఒంట్లోకి వచ్చిన శత్రువును మింగేసే కణాలున్నాయని ఆయన చెప్పాడు. ఆ పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. చీము అంటే ప్రధానంగా అవే. క్రిములతో పోరాడి చచ్చిపోయిన తెల్ల రక్తకణాలు, చచ్చిన క్రిములు, కరిగిన కండ. పోరాడే శక్తి ఉన్న ఒంట్లోనే చీము పడుతుంది. తెల్లకణాలు బాగా పడిపోయిన రోగికి లోపల క్రిములు చెలరేగుతున్నా చీము సరిగా పట్టదు. చీమూ నెత్తురూ లేని మనిషి అని పెద్దలు ఊరికే అనలేదు!

అలాగని చీము మంచిదే అనుకోవద్దు. ఐరోపాలో వందల ఏళ్లపాటు వైద్యులు ఆ పొరపాటే చేశారు. గాయంలో చిక్కని తెల్లటి చీము పడితే 'మెచ్చుకోదగిన చీము' అని సంతోషించేవారు. జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ యాసిడ్‌తో గాయాలు శుభ్రం చేసే పద్ధతిని ప్రకటించాకే, చీము పట్టకుండానే గాయం మానడం మేలన్న సంగతి మెల్లగా ఒంటబట్టింది. 1880 ప్రాంతంలో స్కాట్లాండులో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోని చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి గుత్తులు గుత్తులుగా ఉన్న క్రిములను చూశాడు. ద్రాక్షగుత్తిని గ్రీకులో ఏమంటారో దాన్ని బట్టి వాటికి 'స్టెఫైలోకాకస్' అని పేరు పెట్టాడు.

'ఇన్ఫెక్షన్' చాటున

ఇప్పుడు ఈ మాటలన్నీ ఒక్క మాట వెనక్కి పోతున్నాయి. ఏమైందమ్మా అంటే 'ఇన్ఫెక్షన్' అంటున్నాం. ఇన్ఫెక్షన్ అంటే లాటిన్‌లో రంగులో ముంచడం, మరక అంటించడం. దాన్లో ఉన్న ధాతువే ఫ్యాక్టరీలోనూ ఉంది, చేయడం అని. జలుబూ ఇన్ఫెక్షనే, పచ్చకామెర్లు చాలావరకు ఇన్ఫెక్షనే, కాలి పుండూ ఇన్ఫెక్షనే. ఆ మాట చెబితే డాక్టరుకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

మన మాటలు అలా కాదు. నీళ్లలా కారితే రసి. చిక్కగా ఉంటే చీము. గడ్డ రాయిలా ఉంటే ఇంకా పచ్చిది, మెత్తబడితే పండింది. పైన ఎండితే పక్కు కట్టింది. సుశ్రుతుడు వాపును ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలుగా చెప్పాడు. అంటే పచ్చిది, పండుతున్నది, పండినది. మన అవ్వలు ఏ సంహితా చదవకుండానే ఇదే చెబుతున్నారు. గడ్డను ఎప్పుడు కోయాలో తేల్చడానికి సర్జన్ ఇప్పటికీ వేళ్లతో ఒత్తి చూసేది ఈ తేడానే.

చెవి విషయంలో ఇది మరీ ముఖ్యం. రసా, చీమా, నెత్తురు చారలున్నాయా, కంపు కొడుతోందా, ఎన్నాళ్లనుంచి? ఈ అయిదు సంగతులు చెబితే డాక్టరుకు సగం దారి తెలిసినట్టే. రెండు వారాలు దాటినా కారడం ఆగకపోతే అది ముదిరిన జబ్బు కింద లెక్క. కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు, వినికిడి తగ్గొచ్చు. పసివాడికి వినికిడి తగ్గితే మాటలూ సరిగా రావు. చెవిలో వేడి నూనె పోయడం, పుల్ల పెట్టి కెలకడం, తోచిన చుక్కలు వేయడం చేయకూడదు. చెవి వెనక వాచినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మూతి ఒక పక్కకు లాగినా, తల తిరుగుతున్నా ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్లాలి.

ఆ అవ్వ దగ్గరికే మళ్లీ వద్దాం. చెవుల డాక్టరు పిల్లాణ్ని చూసి చీటీలో 'క్రానిక్ సప్పురేటివ్ ఒటైటిస్ మీడియా' అని రాస్తాడు. వినడానికి భయంగా ఉంటుంది. విడదీస్తే ఏముంది? ఒటైటిస్ అంటే చెవి వాపు. మీడియా అంటే మధ్యది. సప్పురేటివ్ కడుపులో ఉన్నది మళ్లీ లాటిన్ చీమే. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది. 'చానాళ్లుగా చెవిలో చీము కారతా ఉంది' అని అవ్వ చెప్పిందీ అదే. ఆమె తెలుగులో చెప్పింది, ఆయన లాటిన్, గ్రీకుల్లో రాసుకున్నాడు.

అందుకే మనవాళ్లు ఉన్న ఊరి మాట ఒకటి, ఇంటి మాట ఒకటి రెండూ కొంగున కట్టుకోవాలి. ఇంటి మాట ఉంటే ఏం జరుగుతోందో తేడా తెలుస్తుంది. ఊరి మాట ఉంటే అవతలివాడికి తెలుస్తుంది. ఈసారి పిల్లాడి చెవి నొప్పి అన్నప్పుడు 'ఇన్ఫెక్షన్' అని ఊరుకోకండి. కీవు అనండి, సీళ్ అనండి, పూ అనండి, పూజ అనండి. ఇంట్లో మాత్రం చీము అనే అనండి. లేకపోతే 'చీమూ నెత్తురూ లేవా' అని రేపు అడిగితే, నెత్తురు సరే గానీ చీము అంటే ఏమిటి అవ్వా అని పిల్లాడు అడుగుతాడు.